తొక్కల మామయ్య

మా మామయ్య కొడుకులిద్దరూ అమెరికాలో ఉంటారు. వాళ్లెలా ఉన్నారని అడిగితే "బానే ఉన్నార్రా" అని పేపరు తిప్పుతాడు. పెరట్లో వానపాములెలా ఉన్నాయని అడిగితే మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుంటాడు.

ప్రతి కాలనీలోనూ ఇలాంటి రిటైర్డ్ ఆఫీసరు ఒకాయన ఉంటాడు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఫైళ్లు మురగబెట్టి, దిగిపోయాక తొక్కలు మురగబెట్టే బాపతు. తేడా అల్లా, ఫైళ్లు కదిలేవి కావు. తొక్కల్ని వారానికోసారి తిరగేస్తాడు.

విజయవాడలో ఆయనింటికి టిఫిను వేళకి వెళ్లకూడదు. ఇడ్లీ తుంచుతుండగానే మొదలెడతాడు. "తడిచెత్త ఒక వంతు పడితే ఎండాకులు రెండు మూడు వంతులు పడాల్రా అల్లుడూ. కార్బన్ 30 పాళ్లు, నత్రజని ఒక పాలు. ఆ లెక్క తప్పిందా, వీధంతా కంపు!" అక్కడితో ఆగడు. ఎరువు కుప్పలోంచి గుప్పెడు తెచ్చి నా అరచేతిలో పెట్టి "పిండు" అంటాడు. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారకడితే తడి ఎక్కువ, అసలు రాకపోతే తక్కువ. చుక్కలు సరిగ్గా రాలిన రోజున, నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా అనని "శభాష్" అన్నాడు.

కుప్ప నడుమ వేడి 60 డిగ్రీల దాకా పోతుందట. కొలిచి చూడ్డానికి ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు గుచ్చాడు. 42 దాటాక అది చేతులెత్తేసింది. అప్పట్నుంచీ అత్తయ్య ఎవరికి జ్వరమొచ్చినా నుదుటిమీద చెయ్యిపెట్టే చూస్తోంది. ఆ వేడికి వానపాములు బతకవు గనక వాటికి నీడపట్టున వేరే తొట్టి, వేరు కాపురం. ఉప్పూ కారం వాటికి పడవని, మిగిలిన కూరని కడిగి మరీ వడ్డిస్తాడు. నిమ్మచెక్కలు దగ్గరికి రానివ్వడు. తన షుగరుకి డాక్టరు చెప్పిన పథ్యం మాత్రం ఆయనకి గుర్తుండదు.

మున్సిపాలిటీ బండి పాట వినబడగానే గేటు దగ్గర నిలబడి ఇరుగుపొరుగు బుట్టల్లోకి తొంగిచూస్తాడు. ఆకుపచ్చ బుట్టలో ప్లాస్టిక్ కవరు కనబడిందా, 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఏకరువు పెడతాడు: తడి వేరు, పొడి వేరు, ప్రమాదకరమైనవి వేరు. ఆనక అరటితొక్కలు ఏరి తన బకెట్లో వేసుకుంటాడు. "మీరు చెత్త ఇవ్వరు, ఇచ్చేవాళ్లని ఇవ్వనివ్వరు. ఇంక నేను బండి దేనికి తెచ్చినట్టు బాబుగారూ?" అని ఆ బండమ్మాయి ఓరోజు నిలదీసింది.

ఇంట్లో అసలు యుద్ధం బీరకాయ తెచ్చిన రోజున. లేత పొట్టు మీదే ఆయన కన్ను. "పొట్టు ముందు నా రోట్లోకి, తర్వాతే మీ తొట్లోకి" అని అత్తయ్య తీర్పు. బీరపొట్టు పచ్చడయ్యాక తొట్లోకి ఏం మిగులుతుంది?

మామయ్య ఆరాధించేది ఆల్బర్ట్ హోవర్డ్ దొరని. ఇండోర్‌లో ఉండి కంపోస్టు పద్ధతిని తేల్చి, 1931లో పుస్తకం వేశాడాయన. "మన రైతుల దగ్గర నేర్చుకుని మనకే చెప్పాడ్రా" అని మామయ్య వాపోతాడు. ఆమాటకొస్తే తనూ అంతే. ఊళ్లో అమ్మమ్మ బియ్యం కడుగూ, గంజీ, కూరతొక్కలూ కుడితి గోలెంలో వేసేది. మిగతా పని గేదె చూసుకునేది. పేడా, కసవూ, పొయ్యి బూడిదా పెంటకుప్పకి పోయేవి. ఎండాకాలంలో అదంతా బళ్లకెత్తి పొలానికి తోలేవారు. ఇంత చేసీ ఆవిడ ఎవరికీ ఉపన్యాసమివ్వలేదు. అదే పని కొడుకు చేస్తుంటే కాలనీ అంతా వినాల్సొస్తోంది. అయితే ఒకటి. ఆ వీధిలో పొద్దున్నే ఎండాకులు తగలబెట్టే పొగ ఆగిందంటే ఈయన నస వల్లే. ఆ మాట ఆయన ముందు అనను. అన్నానా, ఇంకో గంట.

సంక్రాంతికి ఎవరైనా అరిసెలు పంపుతారు. మామయ్య నా పేరు రాసి మరీ ఎరువు బస్తా పంపుతాడు. మా ఫ్లాట్లో ఉన్నదేమో సీసా నీళ్లలో పెరిగే మనీప్లాంటు. బస్తా పక్కింటావిడకిస్తే, ఆవిడ మిద్దెమీద వంకాయలు కాయించి మాకో సంచీడు పంపింది. మామయ్య సంబరపడతాడని ఫోటో తీసి పంపాను. క్షణాల్లో ఫోనొచ్చింది. "ఒరే, గుత్తొంకాయ మాత్రం చేయించకు. తొడిమలకి నూనె అంటుకుంటుంది. ముందే కోసి దాచండి, శనివారం వస్తున్నా."