మూడు కాళ్ల అన్న

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ మొదలు కడప ఏడురోడ్ల దాకా, ఏ సందులో తొంగిచూసినా ఈ కంప్యూటర్లు బాగుచేసే అన్న ఉంటాడు. జేబులో టెస్టరు, నోట్లో వక్కపొడి, మాటకు ముందు ‘ఏం గాదులే’. కంప్యూటరు ఆన్ చేసిన ఐదు నిమిషాలకే ఆగిపోతోందని చెప్పండి. మెడమీది చెమట తుడుచుకుని ఆకాశంకేసి చూస్తాడు.

“ఎండలప్పా! మనుషులే తట్టుకోలేకున్నారు, అదేం తట్టుకుంటాది?”

మే నెలలో 44 డిగ్రీలు చూసే ఊళ్లో ఈ మాటకు ఎదురు చెప్పేదెవరు? అన్నకు డిసెంబరులోనూ ఇబ్బంది లేదు. “పోయిన ఎండల్లో దెబ్బ తినింది” అంటాడు.

నిజానికి ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపుల్లోకి వచ్చేదాకా ఓర్చుకుంటుంది. అక్కడికొచ్చాక వేగం తగ్గించుకుంటుంది, ఇంకా కాగితే ఆగిపోతుంది. గదిలో ఎంత ఉక్క ఉన్నా వేడిని లాగే హీట్‌సింక్ దాని నెత్తిన ఆనుకుని కూర్చుంటే చాలావరకు నెట్టుకొస్తుంది. కూర్చోబెట్టాల్సింది మాత్రం అన్న.

ముందు పెట్టె విప్పి, లోపలి దుమ్మును నోటితో ఊది, సగం తన కళ్లలోకి, సగం మన కళ్లలోకి పంపుతాడు. మిషను పాత ఏఎండీదైతే హీట్‌సింకును ఒక్క గుంజు గుంజుతాడు. రెంటి మధ్యన ఎండిపోయిన థర్మల్ పేస్టుకు అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్లోంచి పెరుక్కొస్తుంది. కాస్త వేడెక్కనిచ్చి, అటూ ఇటూ మెలిపెట్టి తీయాలంటే వినడు. పైగా మురిసిపోతాడు: “సూస్తివా, ఎట్ల కర్సుకోనుందో! పోయినసారి ఏసింది నేనే.”

కొత్త పేస్టు నడిమధ్యన కందిగింజంత చాలు. అన్నది పెద్ద చెయ్యి. కడప కారందోశె మీద ఎర్రకారం పూసినట్టు అంచుల దాకా పూస్తాడు. పాతది తుడవలేదేమంటే, “అదీ పేస్టే గదప్పా.”

అసలు కథ కాళ్ల దగ్గర. 2004లో 775 సాకెట్ వచ్చినప్పటినుంచి ఇంటెల్ డబ్బాలో వచ్చే హీట్‌సింక్ ఫ్యానుకు మామూలుగా నాలుగు ప్లాస్టిక్ కాళ్లు, వాటి నల్లటి తలల మీద బాణం గుర్తు ఉంటాయి. ఎదురెదురు మూలల్లో ఒక్కో జతగా టక్కుమనేదాకా నొక్కాలి, అంతే. అన్న బోర్డు విల్లులా వంగేట్టు నొక్కుతాడు. మూడు టక్కుమంటాయి. నాలుగోది అనదు. “మూడుంటే సాలు, ఆటో పోవడంల్యా?”

అంతటితో వదిలితే బాగుండు. చివరికి స్క్రూడ్రైవర్ తీసి, బిగుతు కోసమని, ఆ టక్కుమన్న మూడింటినీ బాణం చూపించిన వైపు తిప్పుతాడు. ఆ బాణం బిగించడానికి కాదు, ఊడదీయడానికి!

కాబట్టి డబ్బులిచ్చే ముందు బోర్డును వెనక్కి తిప్పించి చూడండి. నాలుగు తెల్ల కాళ్లూ రంధ్రాల్లోంచి పూర్తిగా బయటికి వచ్చి, మధ్యలో నల్ల పుల్ల దిగి ఉండాలి. లేకుంటే అన్న ఎండల సంగతి ఎత్తకముందే మళ్లీ నొక్కించండి.