ఎద్దుల్లేని ఉలవచారు

మొన్నొక పెళ్ళిలో ఉలవచారు వడ్డించారు. నల్లగా, గరిటె నిలబడేంత చిక్కగా ఉంది. దాని నెత్తిన డబ్బా క్రీము. చారన్నాక అన్నంలో పోస్తే పారాలా వద్దా? ఇది పోసినచోటే కూర్చుంది. ఉడికిన ఉలవలన్నీ మిక్సీలో రుబ్బి కలిపేశారని నాలిక్కి తగలగానే తెలిసిపోయింది. గుప్పెడు నూరి కలిపే ఇళ్ళు అప్పుడూ ఉండేవి, కాదనను. మొత్తం రుబ్బి పోస్తే దాన్ని పచ్చడనాలి.

మా రోజుల్లో చారు కోసమని ఎవడూ ఉలవలు ఉడకేసేవాడు కాదు. అవి ఎద్దుల కోసం. మా కృష్ణా, గుంటూరు వైపు అరక కట్టే ఇళ్ళలో రాత్రి నానేసిన ఉలవలు తెల్లారేసరికి పెద్ద కుండకెక్కేవి. పెరట్లో పిడకల సెగ మీద పొద్దెక్కేదాకా ఉడికేవి. పప్పు ఎద్దులకి, వంచిన కట్టు మనకి. ఇంట్లో వాటిదే ముందు బంతి.

ఆ కట్టుతో మా నాయనమ్మ పెట్టే చారుకి తొందర పనికొచ్చేది కాదు. చింతపండు పులుసు, ఉప్పు, కారం, నాలుగు ఉల్లిపాయ ముక్కలు వేసి మళ్ళీ పొయ్యి మీద పెడితే, కుండలోది సగానికి సగం ఇగరాల్సిందే. చిక్కదనం మరిగి రావాలి గానీ పిండి కలిపితే వస్తుందా? ఆకలో అని మేం గోల పెడితే, గరిటెతో ఎత్తి వాసన చూసి, “ఇంకా పచ్చివాసన పోలేదురా, పోయి ఆడుకోండి” అనేది. ఆఖర్న ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, చితక్కొట్టిన వెల్లుల్లి, కరివేపాకుతో తాలింపు. పొగలు కక్కే అన్నంలో ఆ చారు పోసుకుని, అప్పుడే చిలికిన వెన్న వేసుకుంటే, ధనుర్మాసపు చలిలో కూడా ముక్కు మీద చెమట పట్టేది. మర్నాడు వెచ్చబెడితే ఇంకా రుచి. ఎండలు ముదిరితే మాత్రం వేడి చేస్తుందని మా కంచాల్లో చుక్క పడనిచ్చేది కాదు.

ఇప్పుడు నడి వేసవిలో, ఏసీ హోటల్లో, ఉలవచారు బిర్యానీ! నాయనమ్మ ఉంటే ఆ వంటవాణ్ణి నిలబెట్టి కడిగేసేది.

ట్రాక్టర్లొచ్చాయి, కొట్టాలు ఖాళీ అయ్యాయి, కుండ అటకెక్కింది. దున్నకం సుఖమైంది, దానికి నేనేమీ ఏడవను. కానీ దాణా కుండలోంచి ఊరికే వచ్చినది ఇవాళ సీసాలకెక్కి, నెయ్యి పక్కన కూర్చుని ధర చెబుతోంది.

పోయిన సంక్రాంతికి మా కోడలు ఉలవలు కుక్కర్లో పెట్టింది. కూతలు లెక్కపెట్టుకుని దించి, కట్టు వంచి, “ఈ ఉలవలేం చెయ్యను మామయ్యా?” అంది. ఎద్దులకి పెట్టమ్మా అనబోయాను. ఉండేది నాలుగో అంతస్తు. గుగ్గిళ్ళు తాలింపు వెయ్యమన్నాను. మనవళ్ళు వేలు పెట్టలేదు. నేనే తిన్నాను, రెండు పూటలూ.