స్మోర్ పద్యానికి బృహద్వ్యాఖ్య

ఆ.వె.
పుల్ల చివర గుచ్చి బూదిలో నిప్పుపై
తెల్లముద్ద తిప్పి తేనెరంగు
వచ్చువరకు నోర్చి పలకల నడుమిడి
కొరికి తిన్నవాడె కువలయపతి

అవతారిక: అమెరికా దేశపు క్యాంప్‌గ్రౌండ్లలో, రాత్రి భోజనాలయ్యాక, కట్టెలు కాలి నిప్పులుగా మిగిలిన వేళ, స్మోర్ అనే భక్ష్యాన్ని సిద్ధం చేసే తీరును కవి ఇందులో ఉపదేశిస్తున్నాడు. మంట రాజేసిన తండ్రులూ, సంచి మోసిన తల్లులూ ఘనత ఎవరిదని వాదించుకుంటుండగా పుట్టిన పద్యం కనుక ఇందులో కర్త ఎవరో తేలదు.

టీక: పుల్ల చివర = రెండు మూరలకు తగ్గని పుల్ల కొసన. మూరెడు పుల్ల పట్టినవాడు ముంజేతి వెంట్రుకలకు నీళ్లొదులుకోవాలి.

బూదిలో నిప్పుపై = బూడిద కప్పిన నిప్పులకు జానెడు ఎత్తున. 'మంటలో' అని కొందరి పాఠం. అది అపపాఠం. తెల్లముద్దలోని జెలటిన్ గోరువెచ్చనికే కరుగుతుంది, చక్కెర ఎర్రబడడానికి సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. నిప్పుల మీద నిదానంగా తిప్పితే లోపల కరిగి, బందీగా ఉన్న గాలి వ్యాకోచించి ముద్ద ఉబ్బుతుంది, పైతోలు పదునుకొస్తుంది. మంటలో పెడితే చక్కెరే అంటుకుంటుంది, పైన బొగ్గు, లోపల చలి. పిల్లలు ఈ అపపాఠాన్నే ఆదరించి, కాగడాలా పట్టుకుని ఊపుతారు. కరిగిన చక్కెర చర్మాన్ని వదలదు కనుక ఈ విషయంలో మాత్రం వ్యాఖ్యాత హాస్యమాడడు: ఊపరాదు, ఊదవలెను.

తెల్లముద్ద = మార్ష్‌మాలో. దీని పుట్టుక విచారించదగినది. పూర్వం ఈ పేరుగల మొక్క వేరులోని జిగురును గొంతునొప్పికి వాడేవారు. 19వ శతాబ్దంలో ఫ్రెంచి మిఠాయివాళ్లు ఆ జిగురుకు చక్కెర కలిపి గిలక్కొట్టారు. ఆ మొక్కది మన బెండ, మందారాల కుటుంబమే. జిగురు ఎక్కడిదో వంటింట్లో బెండకాయ తరిగినవారికి చెప్పనక్కర్లేదు.

పలకల = గ్రాహం క్రాకర్ల యొక్క. సిల్వెస్టర్ గ్రాహం (1794–1851) అమెరికాలో ఒక మతబోధకుడు. మాంసం, మద్యం, మసాలా, కాఫీ, టీ, అన్నీ కోరికలను రెచ్చగొడతాయని, జల్లించని గోధుమపిండి రొట్టెతో మనసు అదుపులో ఉంటుందని ఊరూరా ప్రవచించాడు. ఆ విరాగి పేరు మోస్తున్న బిస్కట్టుకు ఇప్పుడు తీపీ చేరింది, పైగా పైనొకటి కిందొకటి నిలబడి సకల భోగాలకూ కావలి కాస్తోంది. ఆలంకారికులు దీన్ని విరోధాభాసం అంటారు. గ్రాహం ఏమనేవాడో ఊహించుకోవచ్చు.

నడుమిడి = మధ్యన ఉంచి. తక్కినవి స్పష్టం.

కువలయపతి = భూమికి రాజు. కువలయమంటే కలువ కూడా కనుక కలువరేడైన చంద్రుడనీ అర్థం వస్తుంది. మూతి చుట్టూ తెల్లటి పరివేషం ఏర్పడడం వల్ల రెండో అర్థమే సమంజసం.

శంక: స్మోర్‌లో తప్పక ఉండే చాక్లెట్ ఏది? పద్యంలో దాని ఊసే లేదే!

సమాధానం: కవి మరిచిపోలేదు, జంకాడు. చాక్లెట్‌నిచ్చే కకావు చెట్టును కూడా నేటి వృక్షశాస్త్రజ్ఞులు ఆ మందార కుటుంబంలోనే చేర్చారు. అంటే మార్ష్‌మాలో, చాక్లెట్ సగోత్రీకులు! వీరిద్దరినీ ఒకే పీటల మీద కూర్చోబెడితే పెద్దలు ఊరుకుంటారా? అయితే నేటి మార్ష్‌మాలోలో వేరు జిగురు చుక్కైనా లేదు. జెలటిన్, చక్కెర, మొక్కజొన్న పాకం, ప్రధానంగా ఇవే. గోత్రం ఎప్పుడో మారిపోయింది కనుక దోషం లేదు.

కానీ ఒక దోషం పోతే మరొకటి. జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది, పందిది కూడా కావచ్చు. డాలస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ క్యాంపింగుకెళ్లే తెలుగు కుటుంబాల్లో శాకాహారులు డబ్బా వెనక చిన్నక్షరాలు చదివేది ఇందుకే. జెలటిన్ లేని రకాలూ దొరుకుతున్నాయి. వాటిలో కొన్ని అంతగా ఉబ్బవు, ఆచారం ముందు ఉబ్బెంత!

తాత్పర్యం: నిప్పుకు దూరంగా ఉండగల ఓపికే స్మోర్. తక్కినదంతా కిరాణా కొట్టులో దొరుకుతుంది.

విశేషాలు: స్మోర్ విధిని అచ్చులో చెప్పిన ప్రసిద్ధ గ్రంథం 1927లో అమెరికా గర్ల్ స్కౌట్స్ వారు వేసిన విహార మార్గదర్శిని. 8 పుల్లలకు 16 క్రాకర్లు, 8 చాక్లెట్ బార్లు, 16 మార్ష్‌మాలోలు అని అందులో లెక్క. తలకు నిండు చాక్లెట్ బారు! ఇంత వడ్డించాక ఆ గ్రంథకర్త్రులే, ఇంకా కావాలనిపించినా నిజానికి ఒక్కటి చాలునని సెలవిచ్చారు. భక్ష్యం పేరే (సమ్ మోర్) 'ఇంకొంచెం' అని అడుగుతుంటే గ్రంథం చాలంటోంది. శబ్దప్రమాణానికీ ప్రత్యక్షప్రమాణానికీ విరోధం వచ్చినప్పుడు ప్రత్యక్షమే బలీయమని ఈ వ్యాఖ్యాత మతం.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని నిత్యం పఠించి, మిగిలిన చాక్లెట్‌ను యోసెమిటీ జాతీయవనంలాంటి చోట్ల ఇనప పెట్టెలో భద్రపరచకుండా డేరాలో తలగడ కింద దాచుకున్నవారికి ఆ రాత్రే భల్లూక దర్శనం కలుగుతుంది.