గోడకున్న చెవిని నేను

గోడలకు చెవులుంటాయంటారు. దివిసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక సర్కారీ ఆఫీసు గోడకు చెవిని నేనే. కాగితాల్లో నా పేరు తుఫాను హెచ్చరిక రిసీవర్. అటెండరు మాత్రం ‘సైరన్ పెట్టె’ అనేవాడు. ఇప్పుడు స్టోరు గదిలో, కాలు విరిగిన బల్ల కింద, పాత అడంగల్ కట్టల పక్కన పడి ఉన్నాను.

1977 నవంబరు 19 నాటికి నేను పుట్టలేదు. ఆనాటి ఉప్పెన ఇక్కడ వేలమందిని మింగేసింది. తుఫాను కబురు రేడియోలో వచ్చింది గానీ, రేడియో ఉన్న గుడిసెలెన్ని? ఆ దుఃఖం ఉంది కనుకనే నాలాంటివాళ్లం తీరం పొడవునా వెలిశాం.

నా పైన, 36,000 కిలోమీటర్ల ఎత్తున, ఇన్సాట్-1బి ఉండేది. 1983లో ఛాలెంజర్ అంతరిక్ష నౌకలో ఎక్కి వెళ్లింది. భూమితో పాటే తిరుగుతూ బంగాళాఖాతం మీంచి చూపు తిప్పేది కాదు. మేఘాలు సుడి తిరిగితే, అది పంపిన బొమ్మలు చూసి వాతావరణ శాఖవాళ్లు తుఫాను ఎటు నడుస్తోందో గీసేవారు. మద్రాసు నుంచి పంపిన తెలుగు హెచ్చరిక మళ్లీ ఆ ఉపగ్రహం మీదుగానే నాలోకి దిగేది. ఏ జిల్లాకు ముప్పుంటే ఆ జిల్లా సెట్లే మేలుకునేవి. ముందు సైరన్, ఆ తర్వాత మాట. మధ్యలో తీగ లేదు, తెగిపోవడానికి.

1990 మే నెలలో నేను మోగాను. వరండాలో నులకమంచం మీద పడుకున్న వాచ్‌మన్ ఉలిక్కిపడి లేచాడు. హెచ్చరిక రాసుకుంటుంటే పెన్సిల్ మొన విరిగింది. పళ్లతో కొరికి మళ్లీ రాశాడు. తెల్లారేసరికి ఊళ్లలో టముకు వేశారు, లారీలు కదిలాయి. ఒక ముసలమ్మ మేకపిల్లను చంకనెత్తుకుని ఆఫీసు ముందు ఆగి, “ఆనాడు మాకు చెప్పినవాడే లేడు నాయనా” అంది. ఆ మాట నాకు చాలు. 9న తుఫాను తీరం దాటేలోపే లక్షమందికి పైగా జనాన్ని తరలించారు. అయినా వందలమంది పోయారు. అది తక్కువని నేననను. 1977తో పోల్చి చూడండి.

తరువాత తుఫాను రాని ఏళ్లు వచ్చాయి. ఫ్యాను కోసం నా ప్లగ్గు పీకారు. డాబా మీద నా డిష్షుకు తాడు కట్టి బట్టలారేశారు, అందులో కాకి గూడు పెట్టింది. బ్యాటరీలో నీళ్లు పోసే చెయ్యి లేక టెర్మినళ్లకు చిలుం పట్టింది. ఒకరోజు తనిఖీకి వచ్చినాయన స్విచ్ అయినా వెయ్యకుండా రిజిస్టరులో ‘పనిచేయుచున్నది’ అని రాసి సంతకం పెట్టాడు. తుప్పు కంటే ఆ ఒక్క మాటే నన్ను ఎక్కువ తినేసింది. ఆ రాత్రే తుఫాను వచ్చి ఉంటే నేను నోరు తెరవలేకపోయేవాణ్ణి. నన్ను నమ్ముకుని జనం పడుకునేవారు.

పైన మావాళ్ల చూపు పదునెక్కింది. 2013లో ఇన్సాట్-3డి, 2016లో 3డిఆర్, 2024లో 3డిఎస్ ఎగిరాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకుతుందని ముందే తెలిసింది, జనాన్ని తరలించారు. కానీ గాలి విరుచుకుపడ్డాక కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. చేతిలో ఫోనుంటే చాలనుకునేవాళ్లు ఆ రోజును గుర్తుచేసుకోవాలి. స్తంభాలు, టవర్లు పడిపోయినా ఆకాశం నుంచి నేరుగా వినగలిగే చెవి ఒకటి ఊళ్లో ఉండాలి.

నా పని అయిపోయింది, నన్ను బాగుచెయ్యమని అడగను. మీ తీరంలోని తుఫాను షెల్టరులోనో, మండలాఫీసులోనో హెచ్చరిక సెట్టు ఉంటే, అక్టోబరు రాకముందే వెళ్లి ప్లగ్గు పెట్టించండి. మీ ఎదురుగా ఒక్కసారి మోగించమనండి.