జడ్జిగారిని మీరే ఎన్నుకున్నారు, అభినందనలు!

న్యూయార్క్ ఓటరుది అదృష్టం. రేపు తన ఆస్తి తగాదా తేల్చబోయే జడ్జిని తానే ఎన్నుకుంటాడు. ఒకసారి ఎన్నుకుంటే 14 ఏళ్లు. ఆ కోర్టు పేరు సుప్రీంకోర్టు. కంగారు పడకండి, అది విచారణ కోర్టే. అప్పీలుకు పైన ఇంకా రెండు మెట్లున్నాయి.

1921 నుంచీ పార్టీ అభ్యర్థిని తేల్చే ఏర్పాటు ఇదీ: పార్టీ ఓటర్లు ముందు ప్రతినిధులను ఎన్నుకోవాలి. వాళ్లు ఎవరిని జడ్జిని చేస్తారో బ్యాలెట్ మీద ఉండదు. పోటీ లేకపోతే ఆ బ్యాలెటూ ఉండదు. ప్రతినిధులు మహాసభలో కూర్చుంటారు, నాయకుడి జాబితా వస్తుంది, తలలు ఊగుతాయి. పార్టీ కంచుకోటలో ఇక టికెట్టే తీర్పు. కొన్నిచోట్ల రెండు పార్టీలూ కలిసి ఒకే పేరు నిలబెడతాయి. పిల్లను పీటల మీద కూర్చోబెట్టాక "ఇష్టమేనా అమ్మా?" అని అడిగినట్టు, నవంబరులో ఓటరును అడుగుతారు.

మార్గరీటా లోపెజ్ టోరెస్‌కు ఈ మర్యాద తెలియలేదు. 1992లో బ్రూక్లిన్‌లో సివిల్ కోర్టు జడ్జిగా గెలిచారు. మేం చెప్పినవాళ్లకు ఉద్యోగాలివ్వండి అన్నారు పార్టీ పెద్దలు. ఆమె ఇవ్వలేదు. ఆపైన సుప్రీంకోర్టు టికెట్ ఎన్నిసార్లు అడిగినా తలుపు తెరుచుకోలేదు. సొంతంగా ప్రతినిధులను నిలబెట్టుకోవచ్చుగా అంటారా? నిక్షేపంగా! ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గంలో 500 సంతకాలు, 37 రోజుల్లో.

ఆమె ఈ పద్ధతి మీద దావా వేశారు. కింది కోర్టుల్లో గెలిచారు. 2008లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఓడించింది. పార్టీ పెద్దల మీద నెగ్గే అవకాశం కల్పిస్తామని రాజ్యాంగం ఎవరికీ మాటివ్వలేదని జస్టిస్ స్కాలియా తేల్చారు. తెలివితక్కువ చట్టాలు చేయొద్దని రాజ్యాంగంలో ఎక్కడా లేదని తన మాజీ సహచర జడ్జి థర్‌గుడ్ మార్షల్ అనేవారని జస్టిస్ స్టీవెన్స్ గుర్తుచేసి, ఆ తీర్పుతోనే ఏకీభవించారు. ఇంత మర్యాదగా తిట్టడం జడ్జీలకే చేతనవును.

అంతకు ముందు ఏడాదే బ్రూక్లిన్ డెమోక్రాటిక్ పార్టీ మాజీ అధినేత క్లారెన్స్ నార్మన్‌ను జ్యూరీ దోషిగా తేల్చింది. జడ్జి పదవికి పోటీ చేస్తున్న అభ్యర్థిని బెదిరించి, తాను చెప్పిన ప్రచారకర్తలకు డబ్బు కట్టించాడని. మనిషిది నేరం. పద్ధతి మాత్రం నిర్దోషి.

ఇక లోపెజ్ టోరెస్, ఆ తీర్పుకు ముందే, 2005లో అదే బ్రూక్లిన్‌లో సరోగేట్ కోర్టుకు నిలబడ్డారు. వీలునామాలు, వారసత్వాలు చూసే ఆ కోర్టుకు మహాసభ గొడవ లేదు; పార్టీ ఓటర్లు నేరుగా అభ్యర్థిని ఎంచుకోవాలి. ఎంచుకున్నారు, ఆమెనే. ఈ అంటువ్యాధి సుప్రీంకోర్టు టికెట్లకు సోకకుండా పెద్దలు భద్రంగానే చూసుకుంటున్నారు.