సీ-60: ఒక ఇంటి క్యాసెట్టు ఆత్మకథ

ఈ కథ చెబుతున్నది విజయనగరంలో ఒక ఇంటి అటక మీద చాలా ఏళ్లు పడివున్న సీ-60 క్యాసెట్టు. తన సంగతులే చెప్పుకుంటున్నా అది ‘నేను’ అనదు. దాని టేపు మీద ఉన్న గొంతులన్నీ వేరేవాళ్లవి. సొంతానికి ఉన్నదల్లా పాటల వెనక సన్నగా వినిపించే ‘స్‌స్‌స్’ మన్న చప్పుడు. అందుకే ‘ఈ క్యాసెట్టు’ అనే చెప్పుకుంటుంది.

ముందు వంశం సంగతి. ఫిలిప్స్ కంపెనీకి బెల్జియంలోని హాసెల్ట్‌లో ఉన్న ఫ్యాక్టరీలో లూ ఓటెన్స్ అనే ఇంజనీరు, ఆయన బృందం కలిసి దీని పూర్వీకుణ్ణి తయారుచేశారు. 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో జనం దాన్ని మొదటిసారి చూశారు. మాటలు రికార్డు చేసుకోవడానికి పనికొస్తే చాలని అప్పట్లో అనుకున్నారు. టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, అది నడిచే వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. స్టూడియోల్లో పెద్ద రీళ్లు సెకనుకు 38 సెంటీమీటర్లు పరిగెత్తేవి. అంటే దీనికి దక్కింది ఎనిమిదో వంతు వేగం. టేపు సన్నం, నడక నెమ్మది. ఐరన్ ఆక్సైడ్ రేణువుల చప్పుడు పాట వెనక తెలియడానికి ఆ రెండూ కారణాలే.

ఆ మాత్రం నాణ్యతతోనే అది ప్రపంచమంతా తిరిగింది. 1980లలో మన ఊళ్లలో వీధికో రికార్డింగ్ సెంటర్ వెలిసింది. చీటీ మీద పాటల పేర్లు రాసి, ఖాళీ క్యాసెట్టు ఇచ్చి వస్తే రెండు రోజుల్లో పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఉత్తరాలకు బదులు మాటలు రికార్డు చేసి ఇంటికి పంపేవాళ్లు.

ఈ క్యాసెట్టు మాత్రం రికార్డింగ్ సెంటర్ గడప తొక్కలేదు. 1987 వేసవిలో దీన్ని కొన్నాయన పోస్టాఫీసులో గుమాస్తా. ఊరేమో విజయనగరం. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా మహారాజా సంగీత కళాశాల మొదలైన ఊరు, ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలు పాఠాలు చెప్పిన ఊరు. అక్కడ గుమాస్తా ఇంట్లో ఫిడేలు ఉండటం వింతేమీ కాదు. ఆయన కచేరీలు చేయలేదు, రేడియోలో వాయించలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని చాప పరుచుకుంటే, చెల్లెలు శ్రుతిపెట్టె ముందేసుకుని కూర్చునేది. అదే వాళ్ల సభ.

టేప్‌రికార్డర్ దుబాయి నుంచి బంధువొకడు తెచ్చినది, మోనో. మైకు అందులోనే ఉంది. ఆ సెట్టులో ఒక ఏర్పాటు ఉండేది. చప్పుడు పెద్దదైతే తగ్గించి, చిన్నదైతే పెంచి, అన్నిటినీ ఒకే మట్టానికి తెచ్చేది. ఫిడేలు మోగినంతసేపూ గది అణిగి ఉండేది. కమాను ఆగిన రెండు క్షణాలకు గదంతా పైకి లేచేది. ఫ్యాను తిరిగే చప్పుడు, వంటింట్లో స్టీలు గిన్నె పడటం, వీధిలో సైకిల్ గంట, ‘అన్నయ్యా, ఆ సంగతి ఇంకోసారి’ అన్న చెల్లెలి మాట. స్టూడియోలో ఇవేవీ రికార్డు కానిచ్చేవారు కాదు. ఇక్కడ మోహన వర్ణం ఎంత శ్రద్ధగా ఎక్కిందో ఆ గిన్నె చప్పుడూ అంతే శ్రద్ధగా ఎక్కింది. ఈ క్యాసెట్టు తన బతుకులో గొప్పగా తలచుకునేది ఇదే.

ఏ వైపు అంతా సజావుగా నడిచింది. బీ వైపు మొదలుపెట్టిన కాసేపటికి కరెంటు పోయింది. ఆయన లేచి, సెట్టు వెనక మూత తీసి, నెల్లూరులో తయారయ్యే నిప్పో బ్యాటరీలు వేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ బ్యాటరీలు అప్పటికే సగం వాడినవి. దాని ఫలితం చాలా ఏళ్ల తర్వాత గానీ బయటపడలేదు.

కంపెనీ క్యాసెట్టు ఒకటి తెగిపోతే దాని తోడబుట్టినవి వేలల్లో ఉంటాయి. ఇంట్లో రికార్డు చేసినదానికి మాస్టర్ అంటూ ఇంకోచోట ఉండదు. ఇది పోతే ఆ సాయంత్రం పోయినట్టే. ఒకసారి పోయేదే కూడా. చెరిపేయకుండా వెనక అంచున ఉండే ప్లాస్టిక్ పలుకుల్ని ఆయన విరిచేసే ఉంచాడు. కానీ ఇంట్లో కుర్రాడొకడు ఆ చిల్లు మీద సెల్లోటేపు అంటించి, వివిధభారతిలో వచ్చే సినిమా పాట ఎక్కించుకున్నాడు. హిందోళంలో పాడిన కృతి మొదలు అలా పోయింది. మిగతాది దక్కింది.

ఇలాంటి ఒంటరి క్యాసెట్లు దేశదేశాల్లో ఉన్నాయి. అమెరికాలో డేనియల్ జాన్స్టన్ అనే కుర్రాడు చవక సెట్టులో ఇంట్లోనే పాటలు రికార్డు చేసి పంచేవాడు. మొదట్లో కాపీ తీయడం తెలియక, ఎవరైనా అడిగితే పాటలన్నీ మొదటినుంచి మళ్లీ పాడి కొత్త క్యాసెట్టు ఇచ్చేవాడు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పేరున్నవాడే అయినా, 1982 జనవరిలో న్యూజెర్సీలోని ఇంట్లో నాలుగు ట్రాకుల టాస్కామ్ పోర్టాస్టూడియో మీద నమూనాగా కొన్ని పాటలు పాడుకున్నాడు. ఆ క్యాసెట్టును డబ్బా కూడా లేకుండా జేబులో వేసుకు తిరిగాడు. తర్వాత స్టూడియోలో బృందంతో వాయిస్తే ఆ పాటలకు ఆ కళ రాలేదు. చివరికి జేబులో తిరిగిన ఆ క్యాసెట్టే ‘నెబ్రాస్కా’ ఆల్బమ్ అయింది.

ఈ క్యాసెట్టు మనసుకు అందరికంటే దగ్గరివాడు ఘానాకు చెందిన ఆటా కాక్. టొరంటోలో ఉంటూ ఇంట్లోనే రికార్డు చేసుకున్న ‘ఒబా సిమా’ను 1994లో ఘానాలో విడుదల చేశాడు. వేసిన కాపీలు 50 మాత్రమే. ఎవరూ పట్టించుకోలేదు. 2002లో బ్రయాన్ షిమ్కోవిట్జ్ అనే అమెరికన్ విద్యార్థి కేప్ కోస్ట్ బజారులో ఒక కాపీ కొన్నాడు. 2006లో ఇంటర్నెట్‌లో పెడితే ప్రపంచం చిందులేసింది. ఆయన కొన్నేళ్లపాటు గాయకుడి కోసం వెతికి, కలుసుకుని, 2015లో సక్రమంగా మళ్లీ విడుదల చేశాడు. మాస్టర్ టేపు అప్పటికే పాడైపోయింది. పాతవాటిని బతికించేవాళ్లు నేర్చుకోవలసిన మర్యాద ఇక్కడ ఉంది. పాటను పైకి తెస్తే సరిపోదు, పాడినవాళ్లను వెతికి పట్టుకోవాలి, అడగాలి.

విజయనగరంలో అటక దులిపింది గుమాస్తాగారి మనవరాలు. ఆమె హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఫిడేలు నేర్చుకుంటోంది. ఆమె కంటబడేసరికి ఈ క్యాసెట్టు ఒంటి మీద తెల్లటి బూజు ఉంది. టేపును హెడ్డుకు ఆనించి పెట్టే ఫెల్టు ముక్క ఊడి డబ్బా అడుగున పడివుంది. ఆమె తొందరపడి సెట్టులో పెట్టలేదు. బూజు పట్టిన టేపును అలాగే నడిపితే ఆ పొడి హెడ్డుకు పట్టి, తర్వాత పెట్టే క్యాసెట్లకూ అంటుతుంది. ముక్కుకు మాస్కు కట్టుకుని, ఐదు మరలు విప్పి, మెత్తటి కుంచెతో దులిపి, రెండు చక్రాలనూ టేపుతో సహా కొత్త డబ్బాలోకి మార్చింది. డెక్కు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచింది. తర్వాత చిన్న స్క్రూడ్రైవర్‌తో హెడ్డు వాలు సరిచేసింది. ఆ మర పావు చుట్టు తిరిగేలోపు, మందంగా మోగుతున్న ఫిడేలు తెరుచుకుంది. రికార్డు చేసిన హెడ్డు ఏ వాలులో ఉందో వినే హెడ్డూ అదే వాలులో ఉంటే తప్ప పై స్వరాల మెరుపు రాదు.

కంప్యూటర్‌లోకి 24 బిట్లలో ఎక్కించింది. ఏ వైపు విని ముసలావిడ, అంటే ఆ చెల్లెలే, కళ్లు తుడుచుకుంది. బీ వైపు సగానికి వచ్చేసరికి మాత్రం ముఖం చిట్లించింది.

‘‘మామ్మా, ఈ గొంతు నీదేనా?’’

‘‘నాదే. కానీ నేనెప్పుడూ ఇంత సన్నగా పాడలేదే. నా శ్రుతి ఐదు. ఇది ఐదున్నరకు పోయింది చూడు.’’

సగం వాడిన బ్యాటరీల నిజం అప్పుడు బయటపడింది. అవి నీరసపడుతున్నకొద్దీ మోటారు మందగించి టేపు నెమ్మదిగా నడిచింది. నెమ్మదిగా ఎక్కినది మామూలు వేగంతో నడిపితే పాట పరిగెడుతుంది, శ్రుతి పైకి పోతుంది. అరశ్రుతి అంటే వేగంలో దాదాపు 6 శాతం తేడా. కొలవడానికి పనిముట్టు పాటలోనే ఉంది. రెండు వైపులా మోగినది ఒకే శ్రుతిపెట్టె. ఏ వైపు షడ్జాన్ని పక్కన పెట్టుకుని, బీ వైపును చిన్న చిన్న భాగాలుగా విడదీసి, మనవరాలు ఒక్కొక్కదాన్నీ కిందికి దించుకుంటూ వచ్చింది. ఆఖరి మంగళం ఐదు శ్రుతిలోకి దిగాక మామ్మ కూడా గొంతు కలిపింది.

తర్వాత వచ్చిన చిక్కు శుభ్రం చేయడం. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ 2000 నుంచీ ఉచితంగా దొరుకుతోంది. దానికి ఖాళీ చోట వినిపించే ‘స్‌స్‌స్’ నమూనా చూపిస్తే మొత్తం పాటలోంచి ఆ చప్పుడు తీసేస్తుంది. మనవరాలు మొదట గట్టిగానే తీసింది. మామ్మ విని, ‘‘కమాను తీగ మీద రాసుకునే చప్పుడేదే? నీళ్లలో మునిగి వాయించినట్టుంది’’ అంది. చప్పుడుతోపాటు ఫిడేలు ఊపిరీ పోయింది మరి. మనవరాలు అదంతా వెనక్కి తీసేసింది. చప్పుడు కొంచెం మాత్రమే తగ్గించి, ఏమీ దిద్దని మూలప్రతిని విడిగా దాచింది. గిన్నె చప్పుడు ఉంది. సైకిల్ గంట ఉంది. కుర్రాడు ఎక్కించిన సినిమా పాటను మాత్రం తీసేసి, అక్కడ ఎంత భాగం పోయిందో రాసిపెట్టింది. ఈ క్యాసెట్టు దృష్టిలో ఇదే సరైన పద్ధతి. మెరుగులు రేపు ఇంకెవరైనా ఇంతకంటే బాగా పెట్టగలరు. మూలం పోతే ఎవరూ తేలేరు.

కర్ణాటక సంగీతాన్ని ఇలా ఉచితంగా పంచుకునే చోట్లు ఇప్పటికే ఉన్నాయి. వ్యాపార రికార్డులు తీసుకోకుండా స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే సంగీతప్రియ వాటిలో ఒకటి. బ్రూస్టర్ కేల్ 1996లో మొదలుపెట్టిన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరి దగ్గరున్నవి వాళ్లు పెట్టుకోవచ్చు. మామ్మ సరేనన్నాక మనవరాలు అక్కడే పెట్టింది. పేరుపొందిన విద్వాంసుల కచేరీలు ఎవరో ఒకరు దాచే ఉంటారు. గుమాస్తాలూ టీచర్లూ గృహిణులూ సాయంత్రాలు ఎలా పాడుకున్నారో, ఏ పాఠాంతరం ఏ ఊళ్లో నిలిచిందో తెలియాలంటే ఇలాంటి ఇంటి క్యాసెట్లే దిక్కు.

కొన్నాళ్లకు అది విన్న కాకినాడ ఆయనొకరు తన తండ్రి హార్మోనియం వాయించిన రెండు క్యాసెట్లు కొరియర్‌లో పంపాడు. ఒకటి సీ-90. దాని టేపు ఇంకా పలుచన, జాగ్రత్తగా తిప్పాలి. రెండోదానికి మరలే లేవు, డబ్బా అంటించేసి ఉంది, అతుకు దగ్గర బ్లేడుతో విప్పాలి. మనవరాలు ముందుగా రెండింటి పలుకులూ విరిచి పక్కన పెట్టింది. మామ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, ‘‘ముందు ఆయన్నడుగు, వాళ్ల నాన్నగారు ఎవరి దగ్గర నేర్చుకున్నారో. అది రాయకుండా పెట్టకు’’ అంటోంది.