కొత్త పోలీసు అధికారి చెవిన పెట్టకూడని ఐదు సలహాలు

శిక్షణ ముగించుకుని స్టేషన్‌లో అడుగుపెట్టిన ఎస్సైకైనా, జిల్లా బాధ్యతలు అందుకున్న ఎస్పీకైనా చట్టం నేర్పేవాళ్ళకన్నా లోకం పోకడ నేర్పేవాళ్ళే ఎక్కువమంది తగులుతారు. ‘నీ మేలు కోరి చెబుతున్నా’ అంటూ మొదలుపెడతారు. ఆ సలహాలు మనిషిని ఎక్కడికి చేరుస్తాయో తెలియాలంటే దక్షిణాఫ్రికా జాతీయ పోలీస్ కమిషనర్‌గా పనిచేసిన జాకీ సెలెబీ జీవితం చూడాలి. 2000లో ఆయన ఆ దేశ పోలీసు శాఖకు అధిపతి అయ్యారు. 2004లో ఇంటర్‌పోల్ అధ్యక్ష పదవికి ఎన్నికయ్యారు. 2010లో అవినీతి కేసులో ఆయనకు 15 ఏళ్ళ జైలుశిక్ష పడింది. ఈ పతనంలో ఒక్కో మెట్టు దగ్గరా మన స్టేషన్లలో రోజూ వినిపించే సలహా ఒకటి కనిపిస్తుంది.

1. ‘స్నేహితుడు ఇస్తే అది లంచం కాదు’

ఐదింటిలోనూ ప్రమాదకరమైనది ఇదే. గ్లెన్ ఆగ్లియోటి అనే మాదకద్రవ్యాల వ్యాపారితో సెలెబీకి కమిషనర్ కాకముందే పరిచయం ఉంది. కమిషనర్ అయ్యాక అతని నుంచి డబ్బు అందింది. బట్టలు, బూట్లు కూడా కొనిపెట్టానని అతను కోర్టులో చెప్పాడు. ఈ సాన్నిహిత్యం గురించి పత్రికలు అడిగినప్పుడు, అతను నా స్నేహితుడు, అంతటితో సరి అన్నట్టు సెలెబీ తేల్చేశారు. కోర్టు మాత్రం దాన్ని అవినీతి అనే అంది.

పోలీసుకు లంచం ఎవరూ ధర కట్టి తీసుకురారు. పండగ పేరుతో, పిల్లల పుట్టినరోజు పేరుతో తెస్తారు. మన అవినీతి నిరోధక చట్టం కూడా 2018 సవరణ తర్వాత ‘అనుచిత ప్రయోజనం’ అన్నదాన్ని డబ్బుకే పరిమితం చేయలేదు. అందుకే స్టేషన్‌తో పని ఉన్నవాడితో కూర్చుంటే కాఫీ డబ్బులు కూడా మీరే ఇవ్వండి. కానుక ఇంటికొస్తే తిప్పి పంపండి. ఆ సంగతి అదే రోజు పైఅధికారికి రాసి పెట్టండి.

2. ‘ఒక కాగితం చూపిస్తే శాఖకు పోయేదేముంది?’

ఉప్పు తిన్నాక అడిగినప్పుడు కాదనడం కష్టం. అయితే అడిగేది ఎప్పుడూ పెద్ద సాయంలా కనిపించదు. ఫలానా ఫైల్లో నా పేరుందా, ఎవరు ఫిర్యాదు చేశారు, సోదాకి ఎప్పుడొస్తున్నారు అని అడుగుతారు. ఆగ్లియోటి మీద బ్రిటన్ నుంచి వచ్చిన రహస్య నివేదికను సెలెబీ అతనికే చూపించారని కోర్టు నిర్ధారించింది.

ఆ కాగితం వెనక సమాచారం ఇచ్చిన మనుషులుంటారు. పేరు బయటపడితే వాళ్ళ ప్రాణాలకే ముప్పు. మరో దేశపు పోలీసులు ఇక మీ శాఖను నమ్మి ఏదీ చెప్పరు. అడిగినవాడు ఎంత దగ్గరివాడైనా ‘రికార్డు కావాలంటే కోర్టు ద్వారా తెచ్చుకో’ అని చెప్పండి. అందుకు తెగిపోయే స్నేహమైతే తెగిపోనివ్వండి.

3. ‘పైన మనవాళ్ళుంటే ఎవరూ ఏం చెయ్యలేరు’

సెలెబీకి పైన దొరికిన అండ తక్కువది కాదు. 2006లో అధ్యక్షుడు థాబో ఎంబెకీ, సెలెబీ విషయంలో తనను నమ్మమని మతపెద్దలను కోరారు. 2007 సెప్టెంబరులో జాతీయ ప్రాసిక్యూషన్ అధిపతి వూసీ పికోలీ సెలెబీ మీద అరెస్టు వారంట్ తీసుకున్నారు. కొద్ది రోజులకే ఎంబెకీ పికోలీనే సస్పెండ్ చేశారు. ఆ సస్పెన్షన్ మీద విచారణ జరిపిన ఫ్రీన్ జిన్‌వాలా పికోలీని తిరిగి నియమించాలని సిఫార్సు చేసినా పదవి దక్కలేదు.

అయినా కేసు ఆగలేదు. 2008 జనవరిలో సెలెబీ ఇంటర్‌పోల్ పదవికి రాజీనామా చేశారు. అదే ఏడాది ఎంబెకీ కూడా పదవి దిగిపోయారు. పైవాళ్ళ అండ వాళ్ళ కుర్చీ ఉన్నంతవరకే. ఈ కథలో నేర్చుకోవలసింది పికోలీ నుంచి. ఉద్యోగం పోగొట్టుకున్నా, ఆయన తీసుకున్న నిర్ణయం సరైనదేనని తర్వాతి తీర్పు నిరూపించింది.

4. ‘ఇచ్చినవాడు నోరు విప్పడు, వాడికీ ముప్పే కదా’

తన మీదకి వచ్చినప్పుడు ఇచ్చినవాడే మొదట నోరు విప్పుతాడు. మాదకద్రవ్యాల కేసులో ఇరుక్కున్న ఆగ్లియోటి 2007 చివర్లో ప్రాసిక్యూషన్‌తో ఒప్పందానికి వచ్చాడు. 2009లో విచారణ మొదలయ్యాక సెలెబీకి ఎదురుగా బోనెక్కిన ప్రధాన సాక్షి అతనే. సెలెబీ చివరిదాకా కాదనే వాదించారు. న్యాయమూర్తి మేయర్ జాఫె ఆయన మాటలు నమ్మలేదు. నేరస్తుడి దగ్గర తీసుకున్న ప్రతి రూపాయీ అతని చేతిలో మీ మీద ఆధారంగా మిగిలిపోతుంది. ఇప్పటికే ఒకసారి తీసుకున్నవాళ్ళు చేయవలసింది దాన్ని కప్పిపుచ్చడం కాదు. వకీలు సలహా తీసుకుని, తామే ముందుగా బయటపెట్టాలి.

5. ‘చేసిన మంచే చివరికి కాపాడుతుంది’

సెలెబీ చేసిన మంచి చిన్నది కాదు. వర్ణవివక్ష మీద పోరాడిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ కార్యకర్త ఆయన. ఐక్యరాజ్యసమితి దగ్గర జెనీవాలో తన దేశానికి ప్రతినిధిగా ఉన్నారు. మందుపాతరల నిషేధ ఒప్పందానికి రూపమిచ్చిన 1997 ఓస్లో సదస్సుకు అధ్యక్షత వహించారు. ఆ ఒప్పందం వల్ల కాళ్ళు పోగొట్టుకోకుండా బతికినవాళ్ళు ఎన్నో దేశాల్లో ఉన్నారు. ఇదంతా నిజమే. ఈ చరిత్రేదీ ఆయన్ని జైలు నుంచి తప్పించలేదు. 2011 డిసెంబరులో అప్పీలు కూడా ఓడిపోయారు. మూత్రపిండాల జబ్బుతో 2012లో మెడికల్ పెరోల్ మీద విడుదలయ్యారు. 2015 జనవరిలో చనిపోయారు.

నిజాయితీగా గడిచిన ఏళ్ళు దాచుకున్న సొమ్ము కావు, అవసరమైనప్పుడు తీసి వాడుకోవడానికి. ఆ ఏళ్ళ వల్లే జనం మిమ్మల్ని నమ్మారు. పెరిగిన నమ్మకంతోపాటు బాధ్యత కూడా పెరగాలి.

చివరగా సీనియర్లకు ఒక మాట. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇలాంటి సలహాలు ఇస్తున్నది మీరే. వాళ్ళు మీ మాట వింటారు, ఎందుకంటే బదిలీ, రిపోర్టు, సెలవు అన్నీ మీ చేతుల్లో ఉంటాయి. మొదటి కానుకను కాదనడానికి కాసేపటి మొహమాటాన్ని ఓర్చుకుంటే చాలు. పదో కానుకను కాదనాలంటే ఉద్యోగాన్నే పణంగా పెట్టాలి. ఆ మొదటి రోజున మీ కింది అధికారి పక్కన నిలబడండి. కాదన్నందుకు అతన్ని మారుమూలకు బదిలీ చేయమని ఎవరైనా ఒత్తిడి తెస్తే, ఆ ఒత్తిడిని అతనిదాకా పోనివ్వకండి. స్టేషన్ మెట్లెక్కే పేదవాడికి న్యాయం దక్కుతుందా లేదా అన్నది అక్కడే తేలుతుంది.